పీరయ్య పాట

సౌదీలోని అల్ ఖర్జ్‌లో శుక్రవారమంటే పాలఫారం క్యాంపు అంతా బట్టల సబ్బు వాసన. నల్లాల దగ్గర బకెట్లు వరస కడతాయి. ఒకడు గడ్డం గీసుకుంటుంటే ఇంకొకడు వాడి భుజం మీది నుంచి అదే అద్దంలో తల దువ్వుకుంటాడు. ఎండ ముదరకముందే తీగల మీద బట్టలు ఆరిపోయి అట్టల్లా బిగుసుకుంటాయి. ఆ తర్వాత కోడికూర, అన్నం, ఇంటికి ఫోన్లు. సాయంత్రానికి మళ్ళీ అందరికీ రేపటి డ్యూటీ గుర్తుకొచ్చి మాటలు తగ్గిపోతాయి.

ఎల్లన్నకు మాత్రం ఈమధ్య శుక్రవారాలు వేరుగా గడుస్తున్నాయి. అతను ఆ ఫారంలో ఏసీ, కూలర్ మెకానిక్కు. జగిత్యాల దిక్కు మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. మిగతా రోజుల్లో ఆవుల షెడ్లలో పెద్ద ఫ్యాన్లూ, నీటి తుంపర కొట్టే పైపులూ ఆగకుండా చూడటం అతని పని. శుక్రవారం మాత్రం ఫారం వెనక ఖర్జూరచెట్ల కింద ఆగి ఉన్న ఒక కారులో కూర్చుని పాటలు పాడతాడు.

ఆ కారు ఉదయ్‌కిరణ్‌ది. కాకినాడ కుర్రాడు, రియాద్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఒక తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఎల్లన్న పాట విన్నప్పటి నుంచి అతనికి ఒకటే పట్టుదల. ఏ కంపెనీ చేతుల్లోనూ పెట్టకుండా, డప్పు తప్ప ఇంకో వాయిద్యం కలపకుండా, సొంతంగా ఒక పల్లెపాటల ఆల్బమ్ చేయాలని. స్టూడియోకు పోదామంటే ఎల్లన్నకు సెలవు దొరకదు. గదిలో రికార్డు చేద్దామంటే పక్క గదుల టీవీలు. అందుకని కారు అద్దాలు ఎక్కించి, లోపల దుప్పట్లు కట్టి, ఏసీ ఆపేసి పాడించేవాడు. ఒక పాట అయ్యేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయి తలుపులు తీసుకుని బయట పడేవాళ్ళు. ఎల్లన్న రూమ్మేట్ రమేష్ నీళ్ళ సీసాలు పట్టుకుని బయట కాచుకునేవాడు. డప్పు కూడా అతనే కొట్టేవాడు, కారు బయట వేరుగా.

ఎల్లన్న దగ్గర పాటలకు లోటు లేదు. చిక్కల్లా ఏవి ఉంచాలి, ఏవి తియ్యాలి అన్నదే. ఆల్బమ్‌లో పది పాటలే అని ఉదయ్‌కిరణ్ గీత గీశాడు. ఒక వారం పెట్టిన పాట మరో వారం తీసేసేవాళ్ళు. నాట్ల పాట ఉండాలని ముగ్గురికీ ఒప్పుదలే. అది ఎల్లన్నకు వాళ్ళమ్మ ముత్యవ్వ నేర్పిన పాట. ఆమె పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి అది ఆమె గొంతుతోనే వస్తుంది. ఎల్లన్నకు పాట నేర్పిన మనిషి బతికి ఉన్నన్నాళ్ళూ ఆ పాట ఎల్లన్న గొంతుతో వస్తుంది. ఆ మనిషి పోయిన రోజు నుంచి పోయినవాళ్ళ గొంతుతో వస్తుంది. క్యాంపులో వాళ్ళు కూడా "ఎల్లన్నా, ఇయ్యాల ముత్యవ్వతోని పాడియ్యి" అని అడిగేవాళ్ళు. మొదటిసారి విన్నప్పుడు ఉదయ్‌కిరణ్, "అమ్మగారి గొంతు సన్నం కదండీ, మైకు కొంచెం దగ్గరికి జరుపుతాను" అన్నాడు.

కల్లుగీసే సాయన్న నేర్పిన పాట దగ్గర మాత్రం పేచీ వచ్చింది. పోయేనాటికి సాయన్నకు ముందుపళ్ళు లేవు. పాట నిండా గాలి.

"ఈ చరణంలో మాట సరిగ్గా తెలియట్లేదండీ. ఇంకోసారి పాడదామా?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"సాయన్న గట్లనే అంటడు సారు. నేనేం జేత్త? పండ్లు గట్టిచ్చి పాడియ్యాల్నా?"

రమేష్ డప్పు కింద పెట్టి నవ్వాడు. ఆ పాట అలాగే ఉంచారు.

ఆల్బమ్ పనిలో ఉండగానే ఎల్లన్న మేనత్త పోయింది. ఆమె నేర్పిన ఇసుర్రాయి పాటను సరిచూసుకుంటుంటే మొదటి మాటే ఆమె గొంతుతో వచ్చింది. ఎల్లన్న పాట ఆపి, కారు దిగి, క్యాంపుకు పోయి తలమీద నీళ్ళు పోసుకుని వచ్చాడు. ఊరి నుంచి ఫోను ఆ సాయంత్రానికి వచ్చింది. ఉదయ్‌కిరణ్ ఆ వారం రికార్డింగు మానేశాడు. తర్వాతి వారం గానం అని రాసే చోట ఆమె పేరు చేర్చాడు.

అలా తొమ్మిది పాటలు తేలాయి. పదోది తేలలేదు. ఎల్లన్న ఏది పాడినా ఉదయ్‌కిరణ్ బాగుందనేవాడే కానీ మొహంలో వెలుగు వచ్చేది కాదు. ఒక శుక్రవారం నీళ్ళు తాగుతూ రమేష్ నోరు జారాడు.

"కాకా, పీరయ్య మామ పాట పెట్టరాదు? గసొంటి పాట మల్ల లేదు."

ఎల్లన్న సీసా మూత బిగించి, "అది లేదు" అన్నాడు. అని లేచి క్యాంపు వైపు నడిచిపోయాడు.

రమేష్‌దీ పీరయ్యదీ ఒకే ఊరు, రేగులపల్లె. ఉదయ్‌కిరణ్ అడిగితే అతను తనకు తెలిసినంత చెప్పాడు.

పీరయ్య, ఎల్లన్న ఒకప్పుడు ఖమీస్ ముషైత్‌లో ఒకే కట్టుబడి పనిలో ఉండేవాళ్ళు. ఎత్తు మీది ఊరు. చలికాలం సాయంత్రాలు సెంట్రింగు చెక్కల ముక్కలు కాల్చుకుని చుట్టూ కూర్చుంటే పీరయ్య పాట అందుకునేవాడు. అది అతను సొంతంగా కట్టిన పాట. వాగుకు ఇవతలి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డున ఉన్న పిల్లను పిలిచే పాట. పెళ్ళయిన కొత్తలో పెండ్లాం లస్మవ్వను ఆటపట్టించడానికి కట్టాడట. ఎల్లన్న దగ్గర పాడి పాడి అతనికీ నేర్పాడు. కొన్నాళ్ళకు వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, ఆ కఫీలు సతాయింపు భరించలేక, ఎవడో వేరే చోట పని ఇప్పిస్తానంటే నమ్మి, పీరయ్య పాస్‌పోర్టు కూడా లేకుండా వెళ్ళిపోయాడు. కఫీలు అతను పారిపోయాడని రాయించాడు. ఏడాది దాకా ఎక్కడెక్కడి నుంచో ఇంటికి ఫోన్లు వచ్చేవి. తర్వాత అవీ ఆగిపోయాయి.

లస్మవ్వ అప్పుడు ఎల్లన్నకు ఫోన్ చేసి ఒక్కటే మాట అంది. "మర్దీ, ఆయన పాట మాత్రం పాడకు."

ఎల్లన్న పాడలేదు. స్నానం చేస్తూ నోటిలోకి వచ్చినా మింగేశాడు. పాడకుండా ఉన్నంతకాలం పీరయ్య ఎక్కడో ఉన్నట్టే. పదకొండేళ్ళు అలా గడిచిపోయాయి.

ఆ సంగతి విన్నాక ఉదయ్‌కిరణ్ ఆ పాట మాట ఎత్తలేదు. పదో పాటగా ఒక ఎడ్లబండి పాట రాసుకున్నాడు. ఆల్బమ్ అయిపోయిందనే అనుకున్నారు.

అప్పుడు లస్మవ్వే ఫోన్ చేసింది. ఎల్లన్న షెడ్డులో ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. చుట్టూ ఆవులు తుంపర కింద నిలబడి నెమరు వేస్తున్నాయి.

"మర్దీ, పాటలు ఎక్కిస్తున్నరట గదా. రమేష్ వాళ్ళమ్మ చెప్పింది."

"అవ్ వదినె."

"ఆయన పాట ఎక్కిచ్చిన్రా?"

"నువ్వు పాడద్దన్నవ్ గదా."

"అప్పుడన్న. ఇప్పుడు పాడమంటున్న."

ఎల్లన్న నిచ్చెన దిగి గోడ పక్కకు వచ్చాడు. ఫోనులో బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. లస్మవ్వ ఎవరితో ఏం మాట్లాడినా చేతులు ఆగవు. అత్తను పెట్టుకుని, బీడీలు చుట్టి, ఇన్నేళ్ళూ ఇల్లు నడిపిన మనిషి.

"భోజన్న అడుగుతుండు," అంది ఆమె. "కోత మిషన్ నడుపుతడు సూడు, ఆ భోజన్న. ఆయన పెండ్లాం సచ్చి చాన రోజులాయె. మంచోడే. నలుగుర్ల కాదు, నా ఇంటికొచ్చి నన్నే అడిగిండు. మారుమనువు చేసుకుందామా అని. నేనేం చెప్పాలె మర్దీ? మొగడున్నదాన్నా, లేనిదాన్నా?"

ఎల్లన్న చేతిలోని తుడుపుగుడ్డను మడతపెట్టాడు.

"పాట నీ గొంతుతోని వస్తే, బతికుండి ఇన్నేండ్లు నా మొకం సూడలేదన్నట్టు. ఆయన గొంతుతోని వస్తే లేడన్నట్టు. ఏదైనా సరే, నాకు ఎరుక గావాలె. నువ్వు పాడేటప్పుడు ఫోను పెట్టు. నేను చెవివెట్టి ఇంట."

"వదినె, ఇంకోసారి ఆలోచన జెయ్యి."

"ఆలోచనే చేసిన మర్దీ. ఇన్నేండ్లు గదే చేసిన."

ఆ శుక్రవారం ఎల్లన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఉదయ్‌కిరణ్ వచ్చాక విషయం చెబితే, అతను మైకు వైర్లు చేతిలో పట్టుకుని, "మీరు ఎప్పుడంటే అప్పుడేనండీ" అన్నాడు. మసీదులో పొద్దు వాలేవేళ నమాజుకు పిలిచే అసర్ బాంగు మొదలైంది. బాంగు చప్పుడు మైకులో పడుతుందని అది అయ్యేదాకా ఆగారు. నమాజుకు వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తుండగా ముగ్గురూ కారులోకి ఎక్కారు. డప్పు వద్దన్నాడు ఎల్లన్న. రమేష్ వెనక సీట్లో కూర్చుని రేగులపల్లెకు ఫోన్ కలిపి ఒళ్ళో పెట్టుకున్నాడు. అటువైపు నుంచి లస్మవ్వ ఊపిరి వినిపిస్తోంది. వెనక ఎక్కడో కోళ్ళు.

ఎల్లన్న కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

వాగు నిండ పారవట్టె, వత్తవా పిల్లా
ఒంటిగ నే నిలవడితి, వత్తవా పిల్లా

ఎల్లన్న గొంతే. ఫ్యాన్ల చప్పుడు మీద అరిచి అరిచి గరగరలాడే, వాళ్ళకు బాగా తెలిసిన ఎల్లన్న గొంతు. రమేష్ చేయి చాచి ఉదయ్‌కిరణ్ భుజం గట్టిగా పట్టుకున్నాడు. పాడుతున్న ఎల్లన్న మొహం మీద కన్నీళ్ళు జారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. ఫోనులో నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. అది నవ్వో ఏడుపో తెలియదు. అది కూడా రికార్డులో పడింది.

రేగులపల్లె రేవు కాడ, వత్తవా పిల్లా
రెండు కండ్లు కాయగాసె, వత్తవా పిల్లా

ఇక్కడికి వచ్చేసరికి ఎల్లన్న గొంతు లేచింది. పదకొండేళ్ళు మింగిన పాట అంతా ఒక్కసారి బయటికి వస్తున్నట్టు పాడాడు. పీరయ్య ఉన్నాడు. ఈ ఎడారిలోనే ఎక్కడో ఉన్నాడు. తిట్టాలి, వెతికి పట్టుకోవాలి, చెంప మీద కొట్టి ఇంటికి పంపాలి.

చీకటైతె దివ్వె వెట్టి, వత్తవా పిల్లా
చెయ్యి...

ఆ మాట దగ్గర గొంతు మారింది.

'చెయ్యి' అన్నది ఎల్లన్న. 'వట్టి దాటిపిస్త' అన్నది పీరయ్య. అదే బొంగురు, మాట చివర అదే సాగదీత. కాకపోతే వయసు మీద పడింది. నాలుక కొంచెం మొద్దుబారినట్టు, ఒక పక్కకు లాగినట్టు వస్తోంది మాట. ఎల్లన్న కళ్ళు తెరిచాడు. ఆపాలనుకున్నాడు కానీ పాట ఆగలేదు. వత్తవా పిల్లా అన్న చివరి మాట పూర్తిగా పలికి, నెమ్మదిగా దింపి, అప్పుడు ఆగింది.

కారులో రికార్డింగు నడుస్తూనే ఉంది.

"మర్దీ," అంది లస్మవ్వ ఫోనులో. "ఇప్పుడేనా?"

"ఇప్పుడే, వదినె."

"గింతసేపు ఉన్నడా?"

"ఉన్నడు."

అటు వెనక నుంచి ముసలి గొంతు ఒకటి గట్టిగా అడుగుతోంది. లస్మవ్వ అత్త. చెవులు సరిగ్గా వినపడవు. "ఎవలే ఫోన్ల? మా పీరడు గదా? పీరడే గదా?" అని అడుగుతూనే ఉంది. లస్మవ్వ ఆమెకు ఏం చెప్పిందో వినపడలేదు. ఫోన్ పెట్టేసింది.

ఎల్లన్న కారు దిగి ఖర్జూరచెట్టుకు వీపు ఆనించి కూలబడ్డాడు. "ఏటా ఒక్కసారి పాడినా ఉన్నడని తెలుస్తుండె," అన్నాడు. "తెలిస్తే దేశమంత తిరిగి లెంకకపోదునా, రమేషూ?" రమేష్ అతని పక్కన కూర్చున్నాడు. ఉదయ్‌కిరణ్ ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాడు.

సౌదీలో ఉన్న తెలుగువాళ్ళ గ్రూపులన్నిటికీ ఆ కబురు పోయింది. ఈ శుక్రవారం, అసర్ నమాజు అయిన కాసేపటికి, ఈ దేశంలో ఎక్కడైనా ఒక మనిషి చనిపోయి, ఎవరన్నది తెలియకుండా ఉంటే చెప్పండి. పేరు పీరయ్య, ఊరు రేగులపల్లె, వయసు యాభై దాటి ఉంటుంది. ఆ వేళ ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. తబూక్ నుంచి, జెద్దా నుంచి, జిజాన్ నుంచి జవాబులు వచ్చాయి. తమ ఊళ్ళో లేదనో, ఉన్నా ఆ మనిషి కాదనో. ఎల్లన్న ప్రతి జవాబునూ రమేష్ చేత చదివించుకునేవాడు.

రెండు మూడు రోజుల తర్వాత ఖఫ్జీ నుంచి ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. సుప్రజ అని, అక్కడ ఒక ఆసుపత్రిలో డాక్టరు. నెల్లూరు వైపు అమ్మాయి.

"ఆ టైముకి మా దగ్గర ఒకతను పోయాడండీ," అంది. "ఎడారిలో గొర్రెల మంద దగ్గర నుంచి తెచ్చారు. ఉండటానికి అనుమతి కార్డు, ఇకామా లేదు. స్పృహలో లేడు. పాత పక్షవాతం ఉంది, అది మళ్ళీ వచ్చింది. తెచ్చినతను బంగ్లాదేశీ. పేరు తెలియదన్నాడు. ఇండియా మనిషో, నేపాలో కూడా మాకు తెలియలేదు. రికార్డులో పేరు తెలియని వ్యక్తి అనే రాశాం. మీ మెసేజ్ చూశాక నాకు నిద్ర పట్టలేదండీ."

ఉదయ్‌కిరణ్ ఆఫీసులో అత్యవసరమని సెలవు పెట్టాడు. ఎల్లన్న ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి బయటపడ్డాడు. రమేష్‌కు సెలవు దొరకలేదు. దమ్మాం దాటి, సముద్రం పక్కన ఉప్పు నేలల మీదుగా, కువైట్ సరిహద్దు దాకా పోయే దారి అది. దారి పొడుగునా ఇద్దరూ పాటలు పెట్టుకోలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆ బంగ్లాదేశీ నిలబడి ఉన్నాడు. మొఫిజుల్ అతని పేరు. ఎండకు నల్లబడ్డ సన్నటి మనిషి, నలభై ఏళ్ళుంటాయి. సుప్రజ కబురు చేస్తే మందను ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. అతనికి వచ్చిన హిందీలో, ఎల్లన్నకు వచ్చిన హిందీలో మాట్లాడుకున్నారు.

వాళ్ళు ముందుగా మార్చురీకి పోలేదు. ఉదయ్‌కిరణ్ కారులో మొఫిజుల్‌ను కూర్చోబెట్టి పాట పెట్టాడు. మొదటి చరణానికి మొఫిజుల్ తల ఎత్తాడు. పాట తెలుసన్నట్టు పెదాలు కదిపాడు కానీ, గొంతు విని తల అడ్డంగా ఊపాడు. రెండో చరణానికీ అంతే. మూడో చరణంలో గొంతు మారగానే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"యహీ చాచా హై," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "చాచా హై యే."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. తాను ఆ మంద దగ్గరికి వచ్చేసరికే చాచా అక్కడ ఉన్నాడట. అప్పటికే నోరు పడిపోయి ఉందట. అంతకుముందు పనిచేసినవాళ్ళు చెప్పారు, ఒక చలికాలం పొద్దున గొర్రెల మధ్య పడిపోయాడని, లేచాక మూతి ఒక పక్కకు పోయిందని, కుడిచెయ్యి పనిచేయడం లేదని. అప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు కావాలన్నా సైగే. రాయమని ఎడమచేతికి పుల్ల ఇస్తే ఇసుకలో గీతలు గీసి విసిరికొట్టేవాడు.

"కానీ పాడేవాడు," అన్నాడు మొఫిజుల్. "రోజూ సాయంత్రం గొర్రెల్ని లోపలికి తోలాక ఈ పాట పాడేవాడు. మాట రాని మనిషికి పాట ఎట్లా వస్తుందని మేం నవ్వుకునేవాళ్ళం. మాటలన్నీ స్పష్టంగా వచ్చేవి. ఇదొక్కటే పాట. నాకు కూడా వచ్చేసింది." అతను సన్నగా అందుకున్నాడు. "బొత్తబా పిల్లా, బొత్తబా పిల్లా..." ఆపి, "దీని అర్థం ఏంటి భాయ్?" అని అడిగాడు.

"వస్తవా పిల్లా అని పెండ్లాన్ని పిలుస్తుండు," అన్నాడు ఎల్లన్న.

మొఫిజుల్ తల ఊపాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మధ్యలో ఒక మాట ఉంది కదా, రేగుల్‌పల్లె. అది ఏంటి? ఆ మాట దగ్గర ఎప్పుడూ ఎడమచేత్తో గుండె మీద కొట్టుకునేవాడు. మా మొహాల్లోకి చూసి మళ్ళీ కొట్టుకునేవాడు. మళ్ళీ ఆ మాటే పాడేవాడు. మాకు అర్థమయ్యేది కాదు. గుండెలో నొప్పేమోనని ఒకసారి మందుబిళ్ళ కూడా తెచ్చిచ్చాను" అన్నాడు.

ఎల్లన్న కారు తలుపు తీసుకుని దిగి, ఆ గోడ వారగా వంగి, కడుపు పట్టుకుని ఏడ్చాడు. ఉదయ్‌కిరణ్ మొఫిజుల్‌కు చెప్పడానికి ప్రయత్నించాడు. "అది అతని ఊరు పేరు. నేను ఫలానా ఊరివాణ్ణి అని చెబుతున్నాడు మీకు."

మార్చురీలో ఎల్లన్న గుర్తుపట్టాడు. గడ్డం తెల్లగా ఉంది, మూతి వంకర పోయి ఉంది, కానీ పీరయ్యే. సుప్రజ పట్టుబట్టి వేలిముద్రలు తీయించింది. పాత ఇకామా బయటపడింది, ఖమీస్ ముషైత్ నాటిది. ఎంబసీ, పోలీసులు, కఫీలు సంతకాలు, అన్నీ అయ్యేసరికి వారాలు పట్టాయి. సుప్రజ డ్యూటీ అయిపోయాక కూడా ఆ ఆఫీసుల చుట్టూ తిరిగింది. పేరు తెలియని వ్యక్తి అన్న చోట పీరయ్య పేరు రాయించాక ఎల్లన్నకు ఫోన్ చేసి, "పేరు ఎక్కిందండీ" అని మాత్రం చెప్పింది.

రేగులపల్లెలో శవాన్ని తేవడానికి హైదరాబాద్ ఎయిర్‌పోర్టు దాకా ఎవరు పోవాలన్న ప్రశ్న వచ్చింది. లస్మవ్వ వైపు అన్నదమ్ములు లేరు. భోజన్న కోతలు మధ్యలో ఆపి, బండి మాట్లాడుకుని పోయాడు. పెట్టెను తానే దగ్గరుండి దింపించాడు. దారిలో ఎక్కడా టీకి కూడా ఆగలేదని డ్రైవరు తర్వాత ఊళ్ళో చెప్పాడు. మట్టి చేసేటప్పుడు మాత్రం దూరంగా, నలుగురి వెనక నిలబడ్డాడు. లస్మవ్వ అతని వైపు చూడలేదు. గాజులు తీసేటప్పుడు ఆడవాళ్ళు ఏడ్చారు కానీ ఆమె ఏడవలేదు. పీరయ్య మూతి వంకరను తన కొంగుతో తుడిచి, చాలాసేపు చేయి అక్కడే ఉంచింది.

దినాలు అయ్యాక ఎల్లన్న ఆమెకు ఖఫ్జీలో విన్నదంతా చెప్పాడు. ఫోనులో చెప్పగలిగినంత. గుండె మీద కొట్టుకునే సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చివరికి అదీ చెప్పాడు. అటువైపు కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"నేను ముందే పాడకపోతి, వదినె," అన్నాడు.

"నేనే వద్దంటి గదా. నీదేం లేదు మర్దీ."

అంతే. ఆ తర్వాత ఆమె కొన్ని వారాలు ఫోన్ చేయలేదు.

అల్ ఖర్జ్‌లో ఆల్బమ్ ఆగిపోయి ఉంది. ఎడ్లబండి పాటతో పది పాటలూ ఉన్నాయి, విడుదల చేయొచ్చు. కానీ ఉదయ్‌కిరణ్ చెయ్యడం లేదు. పీరయ్య పాటను రోజూ వింటున్నాడు. గొంతు మారే చోట శబ్దం కొంచెం హెచ్చుతగ్గు అవుతుంది. అలాంటివి సరిచేయడం అతనికి చిటికెలో పని. కానీ దాని జోలికి పోలేదు. ఒక శుక్రవారం ఎల్లన్నతో అన్నాడు. "ఇది పెడితే ఆల్బమ్‌లో మిగతావి ఎవరూ వినరండీ. పెట్టకపోతే నేను ఆ ఆల్బమ్ వినలేను. కానీ ఇది మన పాట కాదు కదా."

"గాదు," అన్నాడు ఎల్లన్న. "వదినెను అడుగుదాం."

అడగాల్సిన పని లేకుండానే ఆ సాయంత్రం లస్మవ్వ ఫోన్ చేసింది.

"పాటలు బయటికి వచ్చినయా మర్దీ?"

"రాలే వదినె. నీ మాట కోసమే ఆగినం."

"పెట్టు. మొత్తం పెట్టు. నీ గొంతు తీసెయ్యకు, ఆయన గొంతు తీసెయ్యకు. నేను నవ్విన గదా నడుమల, అది పడ్డదా?"

"పడ్డది."

"అది గూడ ఉండనియ్యి. గప్పుడు ఉన్నడు గదా, ఆయన. ఎవల పేరు రాస్తరు?"

"ఇద్దరి పేర్లు రాద్దామంటుండు సారు."

"మంచిది. మర్దీ, ఇంకోటి చెప్పాలె నీకు. నేను భోజన్న ఇంటికి పోతున్న."

ఎల్లన్న ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నువ్వేమన్న అనుకుంటవేమో. ఇడిసిపెట్టినోని పెండ్లాన్నని ఊరంతా అంటే ఇన్నేండ్లు తలకాయ దించుకోని ఇంట్లనే ఉన్న. ఎవల ఇంటికన్న పోతే, అగో ఆడు ఇడిసిపెడితే ఇది ఇంకోన్ని పట్టింది అంటరని. ఇప్పుడు గట్ల గాదు. ఆయన నన్ను ఇడిసిపెట్టలే. రోజూ పిలిచిండు. నోరు పడిపోయినా పిలిచిండు. ఇప్పుడు నేను సచ్చిపోయినోని పెండ్లాన్ని. ఇప్పుడు పోత."

"మంచిగ పో, వదినె," అన్నాడు ఎల్లన్న. "మరి అత్తమ్మ?"

"ఆమెను ఎవలికి ఇడుస్త? నాతోనే తోలుకపోత. భోజన్నకు ముందే చెప్పిన. సరే అన్నడు."

పాటలు బయటికి వచ్చిన వారమే లస్మవ్వ ఇల్లు మారింది. సామాను ఎక్కువేం లేదు. రెండు పెట్టెలు, గిన్నెలు, బీడీ చాట, అత్త మంచం. భోజన్న ట్రాలీ ఆటో తెచ్చి తానే ఎక్కించాడు. ముసలామెను రెండు చేతుల మీద ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. ఆమె ఏ ఇంటికి పోతున్నదీ అడగలేదు.

ఆ సాయంత్రం కొత్త ఇంటి వాకిట్లో లస్మవ్వ పొయ్యి రాజేస్తుంటే, ముసలామె మంచం మీద కూర్చుని పాట పెట్టమని గొడవ చేసింది. ఊరంతా ఫోన్లలో వింటున్నారు, తన కొడుకు పాట తనకు వినిపించరేమని. భోజన్న తన ఫోన్ తీసి పాట వెతికి మంచం అంచున పెట్టాడు. ఎల్లన్న గొంతు వచ్చింది. లస్మవ్వ నవ్వు వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. మూడో చరణం దగ్గర ముసలామె చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఇనవడ్తలేదు, ఇనవడ్తలేదు" అంటూ ముందుకు వంగింది.

భోజన్న ఫోన్ తీసుకుని, పాటను కొంచెం వెనక్కి జరిపి, సౌండు పూర్తిగా పెంచి ఆమె చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.